ఉమ్మడి విమానంలో వాటా: కొనేవారి ఎంపిక

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. గొర్రె నలుగురిది. దానికి పుండు పడినప్పుడు మందు రాయవలసింది మిగతా ముగ్గురిలో ఎవరో ఒకరని ప్రతివాడూ అనుకున్నాడు. చివరికి ఎవరూ రాయలేదు. ఆ సామెత పుట్టిననాటికి లోకంలో విమానం లేదు. అయినా ఈరోజు ప్రసంగ విషయానికి అంతకంటే దగ్గరి మాట మరొకటి లేదు. బ్రిటన్‌లో సొంత ఇష్టంకొద్దీ విమానం నడిపేవాళ్లు చాలామంది ఒంటరిగా విమానం కొనరు. ఐదారుగురో పదిమందో కలిసి ఒక చిన్న విమానం కొని, వంతులు వేసుకుని నడుపుకుంటారు. వాళ్లలో ఒకరు తన వాటా అమ్ముకుని తప్పుకోదలచినప్పుడు, కొనడానికి వచ్చిన మనిషిని ఎవరు పరిశీలించాలి, ఏ విషయాల్లో పరిశీలించాలి, ఎంతవరకు పరిశీలించాలి అన్నది ఇవాళ్టి ప్రశ్న. బ్రిటన్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవారికి ఇది నేరుగా పనికొచ్చే సంగతి. తక్కినవారికి కూడా ఇది పరాయి విషయం కాదు. బోరుబావిలోనో ట్రాక్టరులోనో పొత్తు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది.

ముందుగా ఈ ఉమ్మడి ఎలా నడుస్తుందో చూద్దాం. సెస్నా 172, పైపర్ పీఏ-28 వంటివి నాలుగు సీట్ల, ఒకే ఇంజన్ గల విమానాలు. అలాంటి విమానాన్ని ఒక్కరే కొని, హేంగరు అద్దె, బీమా, ఏటేటా జరిగే తనిఖీ అన్నీ ఒక్కరే భరించడం మధ్యతరగతి మనిషికి తలకు మించిన పని. పైగా ఒక్కరే వాడితే అది ఏడాదిలో ఎక్కువ రోజులు హేంగరులో ఊరికే పడి ఉంటుంది. అందుకని వాటాలు వేసుకుంటారు. ఇలా నడిపే విమానం వ్యాపారం కిందికి రాకుండా ప్రైవేటు ప్రయాణంగానే లెక్కకు రావాలంటే, సభ్యులు 20 మందికి మించకూడదని, ఒక్కొక్కరికి కనీసం 5 శాతం వాటా ఉండాలని బ్రిటిష్ నిబంధనలు చెబుతాయి. సభ్యుడు వాటా ధర ఒకసారి చెల్లిస్తాడు. ఆపైన నెలనెలా స్థిరమైన చందా కడతాడు. తాను ఎగిరిన ప్రతి గంటకూ ఇంధనం ఖర్చు, ముందుముందు ఇంజన్ పనికి కూడబెట్టే ఇంజన్ నిధి కలిపి ఇంత అని విడిగా చెల్లిస్తాడు. ఎవరు ఏ రోజు తీసుకెళతారో ముందుగా రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. విమానంలో కనిపించిన లోపాలను నమోదు చేసే పుస్తకం మరొకటి. ఇవన్నీ సజావుగా సాగితే కొన్ని వేల పౌండ్లు ఉన్న మనిషి కూడా విమానానికి యజమాని కాగలడు. ఇది మంచి ఏర్పాటు. దీన్ని నిలబెట్టేది మాత్రం ఆ గుంపులోని మనుషులే.

ఇక్కడే అసలు వాదన మొదలవుతుంది. ఇల్లు అమ్మేవాడు కొనుగోలుదారు గుణగణాలు చూడనక్కరలేదు. సొమ్ము ముట్టింది, రిజిస్ట్రేషన్ అయింది, ఇద్దరి దారులూ వేరయ్యాయి. ఉమ్మడి విమానంలో వాటా అమ్మడం అలాంటి బేరం కాదు. అమ్మేవాడు తన దారిన తాను పోతాడు. కొన్నవాడితో కలిసి బతకవలసింది వెనక ఉండిపోయిన వాళ్లు. కొత్తవాడు నిన్న దించిన విమానంలో వాళ్లు రేపు తమ పిల్లల్ని ఎక్కించుకుంటారు. కాబట్టి కొనేవాడిని పరిశీలించడం అమ్మేవాడి ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు. అది మిగిలినవారి పట్ల అమ్మేవాడు నెరవేర్చవలసిన బాధ్యత. ఇంకొక మెట్టు ముందుకు వెళ్లి ఆలోచించాలి. వెళ్లిపోయేవాడికి తొందర ఉంటుంది. డబ్బు అవసరం ఉంటుంది. రేపటి మంచిచెడ్డలతో అతనికి పని ఉండదు. అతను ఎంత నిజాయితీపరుడైనా, ఈ ఒక్క విషయంలో అతని చూపు మీద తొందర నీడ పడుతుంది. అందువల్ల వివరాలు సేకరించడం అమ్మేవాడి పని, నిర్ణయం తీసుకోవడం ఉండిపోయేవాళ్ల పని. ఈ రెండు పనులనూ వేరు చేయని ఉమ్మడి ఏదో ఒకనాడు చిక్కుల్లో పడుతుంది.

ఇది మర్యాదకు సంబంధించిన మాట మాత్రమే అనుకోకండి. దీని వెనక చట్టం ఉంది. బ్రిటన్‌లో 1920 నాటి గగనయాన చట్టం నుంచీ ఒక గట్టి సూత్రం అమలులో ఉంది. ఇప్పుడది 1982 నాటి పౌరవిమానయాన చట్టం 76వ సెక్షన్‌లో కనిపిస్తుంది. విమానం పైకి లేస్తున్నప్పుడుగానీ, గాలిలో ఉన్నప్పుడుగానీ, దిగుతున్నప్పుడుగానీ నేలమీది మనిషికో ఆస్తికో నష్టం కలిగితే, ఎవరి నిర్లక్ష్యాన్నీ రుజువు చేయనక్కరలేకుండానే విమాన యజమాని పరిహారం చెల్లించాలి. కింద పొలంలో పని చేసుకుంటున్న మనిషికి ఆకాశంలో ఎవరు ఏ తప్పు చేశారో నిరూపించే శక్తి ఉండదని చట్టం గుర్తించింది. అది న్యాయమే. అయితే ఆరుగురి విమానానికి యజమాని ఎవరు? ఆరుగురూ యజమానులే. ఐదుగురు ఇళ్లలో నిద్రపోతుండగా ఆరోవాడు చేసిన తప్పు ఆ ఐదుగురి గుమ్మం తట్టవచ్చు. అసలు తప్పు చేసినవాడి నుంచి సొమ్ము తిరిగి రాబట్టుకునే హక్కు కూడా అదే సెక్షన్ ఇస్తుంది. కానీ అతని దగ్గర చిల్లిగవ్వ లేకపోతే, లేదా ఆ ప్రమాదంలో అతనే ప్రాణాలు కోల్పోయి ఉంటే, ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

భాగస్వామ్య వ్యాపారంలో ఈ ప్రమాదాన్ని చట్టమే కొంత అడ్డుకుంటుంది. ఉన్న భాగస్వాములందరూ ఒప్పుకోకుండా కొత్త భాగస్వామిని తీసుకురాకూడదని బ్రిటన్‌లో 1890 నాటి భాగస్వామ్య చట్టం చెప్పింది. మన దేశంలో 1932 నాటి చట్టమూ అదే చెప్పింది. వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు వర్తించే నియమం అది. అయితే విమాన ఉమ్మడి లాభం కోసం పెట్టుకున్న వ్యాపారం కాదు కాబట్టి, మామూలుగా అది భాగస్వామ్య సంస్థ కిందికి రాదు. అంటే వ్యాపారులకు దొరికే ఆ రక్షణ వీళ్లకు దానంతట అది దొరకదు. విమానాల రిజిస్టరు కూడా ఆదుకోదు. బ్రిటన్ పౌరవిమానయాన సంస్థ నిర్వహించే రిజిస్టరులో పేరు ఉన్నంతమాత్రాన అది చట్టపరమైన యాజమాన్యానికి రుజువు కాదు. ఇక మిగిలింది సభ్యులు తమలో తాము రాసుకునే ఒప్పందం ఒక్కటే. కొత్తవారిని తీసుకోవాలంటే ఎందరు ఒప్పుకోవాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి, కాదంటే కారణం చెప్పాలా అక్కరలేదా అన్న మూడు సంగతులూ అందులో స్పష్టంగా ఉండాలి. స్నేహితుల మధ్య కాగితాలెందుకని ఆ ఒప్పందం రాసుకోనివాళ్లు స్నేహం చెడిన రోజున దానికోసం వెతుక్కుంటారు.

తగని మనిషి చేతికి విమానం వెళితే ఏమవుతుందో చెప్పే ఒక ఉదాహరణ లోకమంతటికీ తెలుసు. 2019 జనవరి 21 రాత్రి అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ఫ్రాన్సులోని నాంత్ నుంచి కార్డిఫ్‌కు ఒకే ఇంజన్ గల పైపర్ మాలిబు విమానంలో బయలుదేరాడు. గ్వెర్న్సీ ద్వీపానికి దగ్గరలో ఆ విమానం సముద్రంలో కూలింది. సాలా, పైలట్ ఇద్దరూ చనిపోయారు. డబ్బు తీసుకుని ప్రయాణికులను చేరవేసే అర్హత ఆ పైలట్‌కు లేదు. రాత్రిపూట నడిపే అర్హత లేదు. ఆ తరగతి విమానం నడపడానికి అనుమతిచ్చే రేటింగు గడువు అంతకు ముందు నవంబరులోనే తీరిపోయింది. ఎగ్జాస్టు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడు పైలట్ మీద పనిచేసి ఉండవచ్చని కూడా దర్యాప్తులో తేలింది కాబట్టి, తప్పంతా పైలట్ అర్హత మీదే వేయడం సరికాదు. కానీ మన ప్రశ్నకు సంబంధించిన సంగతి కోర్టులో బయటపడింది. ఆ పైలట్‌కు మళ్లీ విమానం ఇవ్వవద్దని విమాన యజమాని పక్షం నుంచి ముందే రాతపూర్వకంగా చెప్పారు. అయినా ఆ ప్రయాణం ఏర్పాటు చేసిన నిర్వాహకుడు ఇచ్చాడు. 2021లో కార్డిఫ్ క్రౌన్ కోర్టు ఆ నిర్వాహకుడికి 18 నెలల జైలుశిక్ష వేసింది. ఆ విమానం ఉమ్మడిది కాదు. పరిస్థితులూ వేరు. అయినా నేర్చుకోవలసిన పాఠం ఒకటే. విమానం ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవడం బాధ్యత కిందికే వస్తుంది. కాదన్న మాట ఒకరి నోట వచ్చినప్పుడు దానికి విలువ ఇచ్చే ఏర్పాటు లేకపోతే ఆ మాట వచ్చీ ప్రయోజనం ఉండదు.

సరే, ఏం చూడాలి? మొదట పత్రాలు. లైసెన్సు, వైద్య ధ్రువీకరణ అసలు ప్రతులే చూడాలి. ఫోన్‌లో పంపిన ఫొటోతో సరిపెట్టుకోకూడదు. ఒకే ఇంజన్ గల పిస్టన్ విమానాలకు ఇచ్చే రేటింగు రెండేళ్లు చెల్లుతుంది. దాన్ని అనుభవం ఆధారంగా పొడిగించుకోవాలంటే, గడువులోని చివరి 12 నెలల్లో 12 గంటలు ఎగరాలి. అందులో 6 గంటలు తానే విమాన బాధ్యత వహిస్తూ కమాండులో ఉండాలి. 12 సార్లు పైకి లేచి 12 సార్లు దిగాలి. శిక్షకుడితో కలిసి కనీసం ఒక గంట ఎగరాలి. లేదంటే పరీక్షాధికారి ఎదుట పరీక్ష ఇవ్వాలి. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో మూడుసార్లు ఎగిరి దిగి ఉండాలి. చక్రాలు లోపలికి ముడుచుకునే విమానానికీ, తోకచక్రం ఉన్న విమానానికీ, రెక్కల కోణం మార్చగల ప్రొపెల్లర్ ఉన్న విమానానికీ విడివిడిగా శిక్షణ పొంది, ఆ సంగతి తన ప్రయాణాలన్నీ నమోదయ్యే లాగ్‌బుక్‌లో రాయించుకుని ఉండాలి. ఇవన్నీ చట్టం అడిగే కనీసపు సంగతులు. కనీసం అన్న మాటను మరచిపోకూడదు. ఏడాదికి 12 గంటలంటే నెలకు ఒక గంట. చేతికి అలవాటు నిలుపుకోవడానికి అది చాలా తక్కువ.

అందుకే పత్రాల కన్నా లాగ్‌బుక్ ఎక్కువ సంగతులు చెబుతుంది, చదవడం తెలిస్తే. చాలామంది మొత్తం గంటల అంకె చూసి పుస్తకం మూసేస్తారు. 400 గంటలున్న మనిషి 100 గంటలున్న మనిషి కన్నా నాలుగింతలు నమ్మదగినవాడని లెక్క వేస్తారు. ఆ 400 గంటల్లో 380 పదేళ్ల కిందటివైతే? ఈ 100 గంటలూ గత రెండేళ్లలో, వారం వారం, రకరకాల ఎయిర్‌ఫీల్డులకు వెళ్లి సంపాదించినవైతే? తేదీల మధ్య ఖాళీలు చూడాలి. చలికాలంలో ఎగిరాడా, ఎండ కాసినప్పుడే ఎగిరాడా? ఎప్పుడూ ఒకే రన్‌వే చుట్టూ తిరిగాడా, కొత్తచోట దిగిన అనుభవం ఉందా? బయలుదేరి, వాతావరణం బాగాలేక సగంలో వెనక్కి తిరిగిన ప్రయాణాలు ఉన్నాయా? ఈ చివరి ప్రశ్నకు ఉన్నాయన్న జవాబు వస్తే దాన్ని లోపంగా లెక్కించకూడదు. అది గొప్ప అర్హత. వెనక్కి తిరగడం తెలిసిన పైలట్‌ను వదులుకోకూడదు. ఇంత చూసిన తరువాత కూడా, ఉమ్మడి తరఫున ఒక శిక్షకుడు అతనితో కలిసి ఆ విమానంలోనే ఎగిరి చూడాలి. దానికి ముందుగా బీమా వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. వచ్చినవాడు ఎంత అనుభవజ్ఞుడైనా, ఏ హోదాలో ఉన్నా ఈ నియమం సడలించకూడదు. నిజంగా అనుభవం ఉన్నవాడు దీన్ని అవమానంగా భావించడు. ఎందుకు అడుగుతున్నారో అందరికన్నా బాగా అతనికే తెలుస్తుంది.

తరువాత డబ్బు సంగతి. ఇక్కడ ఒక సాధారణమైన పొరపాటు జరుగుతుంది. వాటా ధర మొత్తం ఒకేసారి ఇవ్వగలడా అని చూస్తారు. చూడవలసింది అది కాదు. మన చీటీల పద్ధతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చీటీలో చేరేటప్పుడు మొదటి వాయిదా అందరూ కట్టగలరు. పాట పాడుకున్నవాడు చివరి వాయిదా దాకా కడతాడా అన్నదే ప్రశ్న. అందుకే పాడుకున్నవాడి దగ్గర జామీను తీసుకుంటారు. 1982 నాటి మన చిట్‌ఫండ్ల చట్టం కూడా హామీ అడుగుతుంది. విమానంలోనూ అంతే. లైకమింగ్ వంటి ఇంజన్ తయారీదారు ఇలాంటి విమానాల్లో వాడే చాలా ఇంజన్లకు 2,000 గంటలకో 12 ఏళ్లకో ఓవర్‌హాల్, అంటే పూర్తిగా విప్పి సరిచేయడం, అవసరమని సిఫారసు చేస్తాడు. అది పెద్ద ఖర్చు. ఇంజన్ నిధిలో సొమ్ము చాలకపోతే సభ్యులందరూ ఒకేసారి చేయి వేయాలి. ఆ రోజున ఆరుగురిలో ఒకడు చేతులెత్తేస్తే, మిగిలిన ఐదుగురూ అతని భాగం మోయాలి, లేదా విమానాన్ని నేలమీదే ఉంచాలి. కాబట్టి కొత్తవాడిని సూటిగా అడగాలి. అలాంటి పిలుపు వస్తే నిలబడగలవా? నెల చందా రెండు నెలలు బాకీ పడితే ఎగిరే హక్కు ఆగిపోతుందన్న షరతుకు సమ్మతమేనా? అంతకు ముందు మరొక ఉమ్మడిలో ఉండి ఉంటే, అక్కడి కోశాధికారిని అతని అనుమతితో ఒక్క మాట అడగాలి. ఆ ఒక్క మాట బ్యాంకు కాగితాల కన్నా ఎక్కువ చెబుతుంది. ఇదే ధర్మం అమ్మేవాడికీ వర్తిస్తుంది. ఇంజన్ నిధిలో ఎంత ఉంది, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది, బాకీలేమున్నాయి అన్నవి దాచకుండా చెప్పినవాడికే ఎదుటివాడిని ప్రశ్నించే అర్హత ఉంటుంది.

వీటన్నిటి కన్నా ముఖ్యమైనది, కాగితంలో కనిపించనిది మరొకటి ఉంది. తప్పు జరిగినప్పుడు చెప్పగల ధైర్యం. ముందుచక్రం మీద గట్టిగా దిగినప్పుడు ప్రొపెల్లర్ కొస నేలను తాకవచ్చు. బయటికి చిన్న గీత మాత్రమే కనిపించవచ్చు. కానీ తిరుగుతున్న ఇంజన్‌కు తగిలిన ఆ దెబ్బ లోపలి భాగాలకు చేరుతుంది. అందుకే అలాంటప్పుడు ఇంజన్ విప్పి పరీక్షించాలని తయారీదారు నిబంధన పెట్టాడు. ఆ పరీక్షకు బోలెడు ఖర్చు, వారాల తరబడి నిరీక్షణ. చెబితే నలుగురూ ఏమనుకుంటారోనని కొత్తవాడు మాట్లాడకుండా విమానాన్ని హేంగరులో పెట్టి వెళ్లిపోతే, మరుసటి ఆదివారం మరొక సభ్యుడు ఏమీ తెలియకుండా దాన్ని తీసి ఆకాశంలోకి లేస్తాడు. ఉమ్మడి గొర్రె పుండును ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ పుండు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఇది ఇంకా ప్రమాదం. ఈ గుణాన్ని ముందుగా పసిగట్టడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. నీవల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పు, దానినుంచి ఏం నేర్చుకున్నావు అని అడగాలి. నావల్ల ఎన్నడూ ఏ పొరపాటూ జరగలేదనే పైలట్ కన్నా, ఒకసారి అనుమతి లేకుండా వెళ్లకూడని నియంత్రిత గగనతలంలోకి పొరపాటున వెళ్లాను, ఆ తరువాత ఇలా జాగ్రత్తపడుతున్నాను అని చెప్పేవాడు ఎక్కువ నమ్మదగినవాడు. అయితే ఆ నిజాయితీ బతకాలంటే ఉమ్మడి కూడా నిజం చెప్పినవాడిని శిక్షించకుండా ఉండాలి.

వాడకం గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. అందరూ జూన్ నెల శనివారం ఉదయమే విమానం కావాలంటే ఎంత మంచివాళ్లయినా తగవు తప్పదు. వారం మధ్యలో ఎగరగలిగే మనిషి, సెలవుల్లో రెండు వారాలు దూరం తీసుకెళ్లే మనిషి, ఆదివారం గంటసేపు తిరిగివచ్చే మనిషి, ఎవరి అవసరం ఏమిటో తెలిస్తే పట్టిక సర్దుకోవచ్చు. ఇంకా ముఖ్యం, ఎందుకోసం వాడతాడన్నది. ప్రైవేటు ప్రయాణంలో ఖర్చును తోటివారితో పంచుకోవడానికి నియమాలు ఉన్నాయి. పైలట్‌తో కలిపి ఆరుగురికి మించకూడదు. పైలట్ కూడా తన భాగం భరించాలి. లాభానికి మనుషులను చేరవేస్తే అది వేరే చట్టం కిందికి వెళుతుంది. బీమాకూ ఎసరు పెడుతుంది. కొనడానికి వచ్చినవాడి మాటల్లో విమానంతో డబ్బు సంపాదించే ఆలోచన తొంగిచూస్తే అక్కడే ఆగి స్పష్టత తీసుకోవాలి.

ఇప్పుడు ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలను చూద్దాం. మొదటిది, నా వాటా నా సొత్తు, ఎవరికి అమ్ముకోవాలో చెప్పడానికి మీరెవరు అన్నది. ఇందులో న్యాయం లేకపోలేదు. ఉండిపోయేవాళ్లు వచ్చిన ప్రతివారినీ కాదంటూ పోతే, అమ్మేవాడు ఏళ్ల తరబడి చందా కడుతూ ఇరుక్కుపోతాడు. ఆ సాకుతో అతని వాటాను చవకగా కొట్టేయాలని చూసేవాళ్లూ ఉండవచ్చు. దీనికి మందు పరిశీలనను ఎత్తివేయడం కాదు, దానికి హద్దు పెట్టడం. అభ్యర్థి వివరాలు అందిన ఇన్ని రోజుల్లో జవాబు చెప్పాలని, కాదంటే విమానయానానికి సంబంధించిన కారణం చూపాలని, వరుసగా ఇద్దరు అర్హులను కాదంటే మిగిలిన సభ్యులే ముందుగా అనుకున్న ధరకు ఆ వాటా కొనుక్కోవాలని ఒప్పందంలో రాసుకోవచ్చు. కాదనడానికి కొంత వెల ఉన్నప్పుడు ఊరికే కాదనేవాళ్లు తగ్గుతారు. హక్కు అమ్మేవాడికీ ఉంది, ఉండిపోయేవాళ్లకూ ఉంది. రెండూ నిలిచే దారి ఇదే.

రెండో అభ్యంతరం, బీమా ఉందిగా, ఇంత బాధ ఎందుకు అన్నది. బీమా ఉండి తీరాలి. 1,000 నుంచి 2,700 కిలోల లోపు బరువున్న విమానానికి ఇతరులకు కలిగే నష్టం కింద కనీసం 30 లక్షల ఎస్‌డీఆర్‌ల బీమా ఉండాలని నిబంధన. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం. సెస్నా 172ల్లో చాలా మోడళ్లు ఈ తరగతిలోకే వస్తాయి. కానీ బీమా అన్నది నిజం మీద నిలబడిన ఒప్పందం. పైలట్ గంటల గురించి, గత ప్రమాదాల గురించి తెలిసి అబద్ధం చెబితే, పరిహారం ఇవ్వకుండా ఒప్పందాన్నే రద్దు చేసే దారి బీమా సంస్థకు దొరుకుతుంది. అంటే బీమా పనిచేయాలన్నా ముందు మనిషిని పరిశీలించి ఉండాలి. కంపెనీ పెట్టుకుని విమానాన్ని దాని పేర ఉంచితే బాధ్యత తగ్గుతుంది కదా అని కొందరంటారు. తగ్గుతుంది, అది మంచి ఏర్పాటే. కానీ కంపెనీ సభ్యుడి ఇంటిని కాపాడగలదేమో గానీ, అతని ప్రాణాన్ని కాపాడలేదు.

మూడో అభ్యంతరం నిజంగా ఆలోచించదగినది. ఇన్ని జల్లెడలు పడితే కొత్తగా లైసెన్సు పొందిన యువతీయువకులకు ఎక్కడ చోటు దొరుకుతుంది? అందరూ అనుభవజ్ఞులనే కోరితే అనుభవం ఎక్కడ వస్తుంది? దీనికి జవాబు, పరిశీలన అంటే తలుపు మూయడం కాదు. ఏ మెట్టు దగ్గర నిలబెట్టాలో తెలుసుకోవడం. 60 గంటలున్న పైలట్‌ను తీసుకుని, మొదటి కొన్ని గంటలు శిక్షకుడితో ఎగరాలని, ఎదురుగాలి గానీ పక్కగాలి గానీ ఇంతకు మించితే బయలుదేరకూడదని, చిన్న రన్‌వేల మీద కొంతకాలం దిగకూడదని రాసుకుంటే సరిపోతుంది. హద్దును ఇష్టంగా ఒప్పుకున్న కొత్తవాడు, ఏ హద్దూ ఒప్పుకోని పాతవాడి కన్నా మేలైన సహయజమాని. కొత్తవాళ్లు రాకపోతే ఈ ఉమ్మడులు వయసు మీరి మూతబడతాయన్నదీ మరవకూడదు.

నాలుగో అభ్యంతరం మనవాళ్లకు దగ్గరగా తగిలేది. పరిశీలన పేరుతో పేరును, యాసను, ఒంటి రంగును చూసి కాదంటే? పదిమంది పాతకాపులున్న గుంపులోకి దూరదేశం నుంచి వచ్చిన మనిషో, ఒక మహిళో అడుగుపెట్టబోతే, మాకు కుదిరేలా లేదు అన్న ఒక్క ముక్కతో పంపేస్తే? ఈ భయం అబద్ధం కాదు. అయితే పరిశీలన లేనిచోట ఈ వివక్ష తగ్గదు, పెరుగుతుంది. ప్రశ్నలు రాసిపెట్టి ఉండనప్పుడు మనుషులు ముఖం చూసి నిర్ణయిస్తారు. అందరికీ ఒకే ప్రశ్నలు, అందరికీ ఒకే శిక్షకుడితో ఒకే పరీక్ష, కాదంటే రాతపూర్వకంగా కారణం, ఇవి ఉంటే బయటినుంచి వచ్చినవాడికే ఎక్కువ మేలు. లాగ్‌బుక్‌లోని గంటలకు యాస లేదు. కుదరడం, కుదరకపోవడం అన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. పదేళ్లు కలిసి సాగవలసినవాళ్ల మధ్య మాట కలవాలి. కానీ ఆ కుదరకపోవడానికి కారణం బాకీలో, బద్ధకంలో, నిబంధనలంటే నిర్లక్ష్యంలో చూపించగలగాలి. చూపించలేనప్పుడు అది కారణం అనిపించుకోదు.

ఈ పరిశీలన అంతా ముగిసి, అందరూ సరేనన్నాక జరిగే పని చిన్నదే, కానీ వరుస తప్పకూడదు. సొమ్ము బ్యాంకు ఖాతాలో నిజంగా జమ అయిందని తేలాలి. చెక్కు చూపించి ఎక్కువ సొమ్ము రాశాను, తేడా తిరిగి పంపండి అనేవాడు మోసగాడని తెలుసుకోవాలి. కొత్తవాడు ఒప్పందం మొత్తం చదివి సంతకం చేయాలి. బీమాలో అతని పేరు చేరిందన్న జవాబు చేతికి రావాలి. ఆ తరువాతే తాళంచెవి. బీమా కాగితం రేపు వస్తుంది, ఎండ బాగుంది, ఇవాళ ఒక్కసారి ఎగిరివస్తాను అంటే, వద్దని చెప్పగలగాలి. ఆ ఒక్కరోజు ఆగగలడా లేదా అన్నదే అతనికి చివరి పరీక్ష కూడా.

వాటా అమ్ముకుని వెళ్లేవాడికి ఆ విమానంతో రుణం తీరినట్టే అనిపిస్తుంది. ఇన్నాళ్లూ తన తరువాత ఎగిరేవాడి కోసం ట్యాంకులో ఇంధనం చూసి, రెక్కలు తుడిచి, కనిపించిన లోపాన్ని పుస్తకంలో రాసి పెట్టాడు. తరువాతి మనిషిని మనసులో ఉంచుకుని చేసిన ఆ పనుల వల్లనే ఆ ఉమ్మడి ఇంతకాలం బతికింది. తన స్థానంలోకి వచ్చే మనిషిని శ్రద్ధగా చూసి, తెలిసింది దాచకుండా చెప్పి, నిర్ణయాన్ని ఉండిపోయేవాళ్లకు వదిలిపెట్టడం ఆ పనుల్లో చివరిది. గొర్రె పుండుకు మందు ఎవరు రాయాలని సామెత అడగకుండా అడుగుతోంది. అమ్మేరోజున కూడా ఆ మందు రాయవలసింది నేనే అనుకున్నవాడు తన వాటాను సరైన చేతుల్లో పెట్టి వెళతాడు.